ఇతర పరిస్థితులు స్థిరంగా ఉన్నప్పుడు

ఇంటర్మీడియెట్‌లో సీఈసీ చదివినవాళ్లను నిద్రలో లేపి అడిగినా ఈ వాక్యం చెబుతారు: "ఇతర పరిస్థితులు స్థిరంగా ఉన్నప్పుడు, వస్తువు ధర తగ్గితే డిమాండు పెరుగుతుంది, ధర పెరిగితే డిమాండు తగ్గుతుంది." గుంటూరులో మాకు పాఠం చెప్పిన మాస్టారు ఆ మొదటి ముక్కను, పురోహితుడు సంకల్పంలో జంబూద్వీపాన్నీ భరతఖండాన్నీ దాటించినంత వేగంగా దాటించేవారు. అది రాయకపోతే ఒక మార్కు పోతుందని మాత్రం హెచ్చరించేవారు. మేమూ తప్పకుండా రాసేవాళ్లం. ఇప్పుడు విజయవాడలో ఒక కళాశాలలో నేను అదే పాఠం చెబుతున్నాను. నా నోటి నుంచి కూడా ఆ ముక్క అంతే వేగంగా దొర్లిపోతోందని ఈమధ్యే గమనించాను.

దాని బరువు నాకు తరగతిలో తెలియలేదు, మిర్చి యార్డులో తెలిసింది. ఇంటర్ రెండో ఏడు, ఫిబ్రవరి. మా మేనమామ కాయ తెచ్చాడని విని రాత్రి యార్డుకు వెళ్లాను. ఘాటుకు కళ్లు మండుతున్నాయి. టిక్కీల (మిర్చి బస్తాల) మీదే దుప్పటి పరుచుకుని కూర్చున్నాడు. అంతకుముందు ఏడు ధర బాగా పలికింది, ఆ ఏడు పడిపోయింది. "నువ్వు చదివేది ధరల గురించేగా అల్లుడూ, ఎందుకు పడిందో చెప్పు" అన్నాడు. సరఫరా పెరిగింది, డిమాండు అంతే ఉంది, కాబట్టి ధర తగ్గిందని గర్వంగా చెప్పాను. ఆయన నవ్వాడు. "అది నాకూ తెలుసు. మరి మీ వీధి కొట్లో కారం పొట్లం ధర ఎందుకు తగ్గలేదు?"

నా దగ్గర జవాబు లేదు. పుస్తకంలోనూ లేదు. ఉందని, కానీ మేము చదివిన పుస్తకంలో లేదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

అర్థశాస్త్రం మీద ప్రపంచమంతటా దశాబ్దాలుగా సాగుతున్న తగాదాను నేను ఆ రాత్రి నుంచి చూస్తాను. ఒక పక్షం అంటుంది: ఇది శాస్త్రం కాదు, ఉన్నవాళ్లకు వకాల్తా, లెక్కల ముసుగు వేసుకున్న రాజకీయం. ఇంకో పక్షం అంటుంది: తిట్టేవాళ్లు పుస్తకం తెరవనివాళ్లు, కోరికల్ని వాస్తవాలనుకునేవాళ్లు. రెండు పక్షాలవాళ్లూ నాకు తెలుసు, ఇద్దరూ పూర్తిగా తప్పు కాదు. తగాదా అంతా నిజానికి ఆ మొదటి ముక్క చుట్టూనే తిరుగుతోంది. ఏ పరిస్థితులను స్థిరంగా ఉంచాం? ఎవరు ఉంచారు? తరగతి గదిలో పెట్టిన షరతు, జీవోగా మారేటప్పుడు ఎక్కడ రాలిపోయింది?

ముందు పేరు సంగతి. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ చదువు పేరు రాజకీయ అర్థశాస్త్రం. 1890లో ఆల్ఫ్రెడ్ మార్షల్ తన గ్రంథం ప్రచురించిన కాలం నుంచి ఇంగ్లిషు పేరులోంచి రాజకీయం జారిపోయింది. 1932లో లయొనెల్ రాబిన్స్ మన పిల్లలు ఇప్పటికీ బట్టీ పట్టే నిర్వచనం ఇచ్చాడు: మనిషి కోరికలకూ, ప్రత్యామ్నాయ ఉపయోగాలున్న కొరత వనరులకూ మధ్య సంబంధాన్ని పరిశీలించేది అర్థశాస్త్రం. వనరులు కొరతగా ఉన్నాయి సరే, అవి ఎవరి చేతిలో ఎందుకున్నాయన్న ప్రశ్న ఆ నిర్వచనం గడప బయటే ఆగిపోయింది. తమాషా ఏమిటంటే, ఇంగ్లిషువాళ్లు పేరులోంచి రాజకీయాన్ని తీసేస్తే, మనం ఆ చదువుకు కౌటిల్యుడి పుస్తకం పేరు పెట్టుకున్నాం. అది పన్నులు, గూఢచారులు, దండనీతితో రాజ్యం నడపడం గురించిన పుస్తకం.

కొన్ని పరిస్థితులను పక్కన పెట్టడం నేరమేమీ కాదు. గ్రామ నక్షాలో బురద కనిపించదు, చౌడు కనిపించదు, గట్టు మీద వేపచెట్టూ కనిపించదు. సరిహద్దు తగాదా తీర్చడానికి అదే మేలు. ఆ నక్షా చూసి ఏ పంట వేయాలో నిర్ణయిస్తేనే చిక్కు. మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1953లో ఒక వ్యాసంలో ఇంకా ముందుకు వెళ్లాడు. ఊహలు వాస్తవానికి దూరంగా ఉన్నా పరవాలేదు, వాటి నుంచి వచ్చే అంచనా నిజమైతే చాలన్నాడు. ఆర్థికవేత్తలు చాలామంది ఇప్పటికీ ఆ చెట్టు నీడనే కూర్చుంటారు. చిక్కు ఏమిటంటే, అంచనా తప్పినప్పుడు "ఇతర పరిస్థితులు మారాయి" అనే కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

మిర్చినే తీసుకుందాం. వానల్లో నారు నాటే రోజున రైతు ముందున్నది కిందటి వేసవి ధర. అమ్మే రోజున ఎదురయ్యేది వచ్చే వేసవి ధర. ధర బాగుందని అందరూ వేస్తారు, పంట విరగపండి ధర పడుతుంది. పడిందని మానేస్తారు, సరుకు తగ్గి ధర లేస్తుంది. ధరా పరిమాణమూ గీతలు గీస్తే సాలెగూడులా చుట్టుకుంటాయి. 1934లో నికొలస్ కాల్డార్ దీనికి ఆ పేరే పెట్టాడు. 1961లో జాన్ మూత్ అనే ఆయన అడ్డు తగిలాడు. రైతు ప్రతిసారీ ఒకే తప్పు చేసేంత అమాయకుడా? అదే నిజమైతే, కాస్త ముందుచూపు ఉన్నవాడు అందరికీ ఎదురు నడిచి లాభం చేసుకోడా? ఈ ఆలోచన నుంచే హేతుబద్ధ అంచనాల సిద్ధాంతం పుట్టింది. అది 1970ల తర్వాత కేంద్ర బ్యాంకుల విధానాల దాకా పాకింది, దాన్ని విస్తరించిన రాబర్ట్ లూకస్‌కు 1995లో, మనం నోబెల్ అని పిలిచే అర్థశాస్త్ర బహుమతి వచ్చింది.

ఇద్దరిలో ఎవరు సరి? నేను మామయ్యను అడిగాను. "అందరూ మిర్చే వేస్తున్నారనీ తెలుసు, రేటు పడుతుందనీ తెలుసు. కౌలు ముందే కట్టాను. పత్తి వేస్తే గులాబీ రంగు పురుగు. శనగ వేస్తే కౌలు డబ్బులే రావు. ఇంక ఏం వేయను?" అంటే ఆయన కాల్డార్ అనుకున్నంత అమాయకుడు కాదు. మూత్ ఊహించినట్టు ముందుచూపు ఉన్నవాడే. కానీ ఆ ముందుచూపుతో చేయగలిగింది ఏమీ లేదు. రెండు సిద్ధాంతాలూ మనిషి బుర్రలో ఏముందని తగువులాడాయి, చేతిలో ఏముందని అడగలేదు. కౌలు అనే పరిస్థితిని స్థిరంగా ఉంచి లెక్క వేశాయి. మామయ్యకు అసలు లెక్కే కౌలు.

మిర్చి కేంద్రం ప్రకటించే కనీస మద్దతు ధరల జాబితాలో లేదు. 2025లో ధర కూలినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు నిర్ణయించింది. పాఠ్యపుస్తకం అడిగితే, ధరకు కింద మెట్టు కడితే మరుసటి ఏడు ఇంకా ఎక్కువ పండిస్తారని హెచ్చరిస్తుంది. అది కొట్టిపారేయదగ్గ హెచ్చరిక కాదు, గోదాముల్లో పేరుకుపోయిన ధాన్యాన్ని చూసినవాళ్లు ఒప్పుకుంటారు. కానీ ఆ హెచ్చరికను ఎవరూ బీమా లేని కౌలు రైతు ముంగిట నిలబడి రాయలేదు.

అర్థశాస్త్రానికి కళ్లు లేవని అనుకునేవాళ్లకు నేను చెప్పే పేరు జార్జ్ అకర్లాఫ్. ఆయన 1967-68లో ఢిల్లీలో భారత గణాంక సంస్థలో పనిచేశాడు. 1970లో అచ్చయిన ఆయన చిన్న వ్యాసం ఈ శాస్త్రాన్నే మార్చింది. అంతకుముందు మూడు పత్రికలు దాన్ని తిప్పి పంపాయి. అందులో ప్రధాన ఉదాహరణ అమెరికాలో పాత కార్ల బజారు. కానీ మన ఇళ్ల నుంచి వెళ్లిన ఉదాహరణ కూడా ఒకటుంది: బియ్యంలో కావాలని కలిపిన, బియ్యం రంగులోనే ఉన్న రాళ్లను ఏరుకుంటున్న భారతీయ గృహిణి. అమ్మేవాడికి సరుకు గుట్టు తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు అన్నింటికీ సగటు ధరే ఇస్తాడు. ఆ ధరకు మంచి సరుకు తెచ్చినవాడు నష్టపోతాడు, మెల్లగా తప్పుకుంటాడు. చివరికి బజారులో నాసిరకమే మిగులుతుంది, ఒక్కోసారి బజారే ఉండదు. మా అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ కనిపిస్తే నాకు ఇప్పటికీ ఆ వ్యాసం గుర్తుకొస్తుంది. 2001లో అకర్లాఫ్‌కు బహుమతి ఇచ్చారు.

యార్డులో ఇది రోజూ కంటికి కనిపిస్తుంది. కొనేవాడు టిక్కీలోకి చేయి పెట్టి, అడుగు నుంచి కాయ తీసి, విరిచి, గింజ చూసి, అరచేతిలో నలిపి తేమ చూస్తాడు. తాలు కాయ ఎంత, పైన ఒక రంగూ లోపల ఒక రంగూ ఉందా? ఎవరో ఒకరు నీళ్లు చల్లి బరువు పెంచారన్న మాట పుడితే, ఆరబెట్టుకుని తెచ్చినవాడికీ తరుగు తప్పదు. ఆ మధ్యలో కమీషన్ ఏజెంటు నిలబడతాడు, నా రైతు సరుకు మంచిదని పూచీ పడతాడు. మధ్యవర్తి అంటే పీల్చుకు తినేవాడే అనుకునే మన వాదనకు ఇక్కడ కొంత గండి పడుతుంది. పేరున్న ఏజెంటు అమ్మేది నమ్మకం. దానికి ధర ఉంటుంది. ఆ ధర ఎంత న్యాయమన్నది వేరే ప్రశ్న.

వేరే ప్రశ్న ఎందుకంటే, అదే మనిషి విత్తనానికీ మందులకూ అప్పు కూడా ఇస్తాడు. అప్పు తీసుకున్నవాడు కాయను వేరే కొట్టుకు తోలలేడు. అప్పు, అమ్మకం ఒకే ముడిలో పడతాయి. 1970ల నుంచి కృష్ణా భరద్వాజ్, ప్రణబ్ బర్ధన్ వంటి మన ఆర్థికవేత్తలు ఈ ముడిపడిన మార్కెట్ల మీద పనిచేశారు. ఇవి పాఠ్యపుస్తకంలో వేర్వేరు అధ్యాయాలు: వడ్డీ ఒకచోట, ధర ఇంకోచోట. ఊళ్లో అవి ఒకే చీటీ మీద ఉంటాయి. వడ్డీ తక్కువేసినట్టు కనిపించి ధరలో రాబట్టుకోవచ్చు, ధర మంచిదిచ్చి వడ్డీలో రాబట్టుకోవచ్చు. ఒక్క అంకె చూసి న్యాయం తేల్చలేం.

కేరళలో జరిగిన ఒక అధ్యయనాన్ని ఇక్కడ పక్కన పెట్టి చూడాలి. 1997 నుంచి 2001 మధ్య అక్కడి తీరానికి సెల్‌ఫోన్లు వచ్చాయి. కవళ్ల చేప పట్టే జాలర్లు సముద్రంలోంచే ఫోను చేసి, ఏ రేవులో ధర బాగుందో కనుక్కుని పడవ అటు తిప్పారు. రేవుకూ రేవుకూ మధ్య ధరల తేడా బాగా తగ్గింది, కొనేవాడు లేక చేపను పారబోయడం దాదాపు ఆగిపోయింది, జాలరి లాభం పెరిగింది, తినేవాడికి ధర తగ్గింది. రాబర్ట్ జెన్సెన్ 2007లో దీన్ని అచ్చు వేశాడు. పాఠ్యపుస్తకం చెప్పింది అక్షరాలా జరిగిన సందర్భం ఇది, అర్థశాస్త్రాన్ని ఎగతాళి చేసేవాళ్లు ఒకసారి చదవాలి. అయితే మా మామయ్య చేతిలో ఇప్పుడు మంచి ఫోనే ఉంది. గుంటూరు ధర, వరంగల్ ధర, ఖమ్మం ధర పొద్దున్నే తెలుస్తాయి. తెలిసినంత మాత్రాన టిక్కీలు అటు తిరగవు. పడవకు చుక్కాని ఉన్నట్టు అప్పున్న బస్తాకు ఉండదు. 2020లో మూడు వ్యవసాయ చట్టాలు వచ్చినప్పుడు ఆర్థికవేత్తలు రెండుగా చీలింది ఇక్కడే. యార్డు గోడ కూలిస్తే, అంటే బయట కూడా అమ్ముకోనిస్తే, పోటీ పెరుగుతుందని కొందరు, గోడ కూలినా అప్పు కూలదని కొందరు. 2021 నవంబరులో చట్టాలు రద్దయ్యాయి. తర్కం మాత్రం తేలలేదు.

షరతు రాలిపోతే ఏమవుతుందో మన ప్రాంతానికి పుస్తకాలు చెప్పనక్కర్లేదు. 1832-33, నందన నామ సంవత్సరం. గుంటూరు కరువులో, సుమారు అయిదు లక్షల జనాభా ఉన్న జిల్లాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది చనిపోయారని అంచనాలున్నాయి. డొక్కల కరువన్న పేరు ఊళ్లలో ఇంకా వినబడుతుంది. 1876-78లో మద్రాసు రాజధానిని (ప్రెసిడెన్సీని) మరో కరువు ముంచింది. అప్పటి వైస్రాయి లిట్టన్ ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం జోక్యం చేసుకోరాదని పట్టుబట్టాడు. ఆయన వెనక ఉన్నది ఆడం స్మిత్ మాట: కొరత కరువుగా మారేది ప్రభుత్వం అడ్డదిడ్డంగా జోక్యం చేసుకున్నప్పుడే. కానీ 1776 నాటి ఆ పుస్తకంలో స్మిత్ షరతు పెట్టాడు. విశాలమైన ధాన్యపు దేశమై ఉండాలి, దాని అన్ని భాగాల మధ్యా స్వేచ్ఛగా వర్తకం, రాకపోకలు ఉండాలి. ఇంకో షరతును ఆయన చెప్పనే లేదు, ఆయన కళ్లముందున్న యూరపును బట్టి చెప్పనక్కర్లేదనుకున్నాడేమో: తిండి కొనుక్కోవడానికి జనం చేతిలో డబ్బుండాలి. లేనప్పుడు స్వేచ్ఛా వర్తకం ధాన్యాన్ని ఆకలి ఉన్నచోటికి తీసుకురాదు, ధర ఉన్నచోటికి తీసుకుపోతుంది. మద్రాసు రాజధానిలో జనం రాలిపోతుంటే రైళ్లు ధాన్యాన్ని రేవులకు చేర్చాయి. నూరేళ్ల తర్వాత, 1981లో, అమర్త్యసేన్ 1943 నాటి బెంగాల్ కరువును తవ్వి ఈ సంగతిని సిద్ధాంతంగా నిలబెట్టాడు: కరువులో కొరత తిండికి కాదు, తిండి పొందే హక్కుకు.

స్మిత్‌ను నిందించడం తేలిక. నా కోపం ఆయన మీద కాదు. షరతును మింగేసి సూత్రాన్ని హుకుంగా చదివినవాళ్ల మీద. 1892లో పుణెలో మహదేవ గోవింద రానడే చేసిన ప్రసంగం సారాంశమూ అదే. ఇంగ్లండులో పుట్టిన సూత్రాలు ఎక్కడైనా ఎప్పుడైనా చెల్లుతాయనుకోవద్దు, వాటి అడుగునున్న ఊహలు మన దేశంలో నిజం కావన్నాడు. మన దేశపు విశ్వవిద్యాలయాల్లో ఆ ప్రసంగాన్ని ఆర్థికాలోచనల చరిత్ర అనే ఐచ్ఛిక పాఠంలో ఒక మూలకు నెట్టారు. ఆ పాఠాన్ని ఎవరూ తీసుకోరు.

ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. కృష్ణ మీద బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయింది. కరువు జ్ఞాపకంతో పాటు, నీళ్లకు పెట్టిన డబ్బు శిస్తుగా తిరిగి వస్తుందన్న ఆర్థర్ కాటన్ లెక్క కూడా ఆ వాదనలో బలంగా ఉంది. లెక్క మనుషుల్ని చంపింది, లెక్కే కాలువలు తవ్వించింది. ప్రకాశం బ్యారేజీ మీద బస్సులో వెళ్లేటప్పుడు కిటికీ పక్క సీటు దొరికితే నాకు రెండూ గుర్తుకొస్తాయి.

ఇక మన కాలానికి వద్దాం. ఇప్పటి ఆర్థికవేత్తలు ఒక మంచి మాట అంటున్నారు. సూత్రాల మీద తగువెందుకు, ప్రయోగం చేసి చూద్దాం అని. కొత్త మందును పరీక్షించినట్టు, చీటీ వేసినట్టుగా కొందరిని ఎంచుకుని వాళ్లకు పథకం ఇవ్వండి, మిగతావాళ్లకు ఇవ్వకండి, తేడా కొలవండి. ఈ పద్ధతికి 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు బహుమతి వచ్చింది. వాళ్ల ప్రసిద్ధ ప్రయోగాల్లో ఒకదానికి గుంటూరుతో చుట్టరికం ఉంది. 1998లో గుంటూరులో మొదలైన స్పందన సంస్థ, 2000ల మధ్యలో హైదరాబాదు బస్తీల్లో సూక్ష్మ రుణాలు, అంటే పేదలకు చిన్న చిన్న అప్పులు, ఇవ్వడానికి సిద్ధమైంది. పరిశోధకులు 104 బస్తీలు తీసుకున్నారు. చీటీ పడిన 52 చోట్ల శాఖలు తెరిచారు, మిగతా 52 చోట్ల అప్పటికి తెరవలేదు. ఏడాది దాటాక వెళ్లి కొలిచారు.

ఆ రోజుల్లో సూక్ష్మ రుణం అంటే ఒక మంత్రం. 2006లో ముహమ్మద్ యూనుస్‌కు, ఆయన స్థాపించిన గ్రామీణ బ్యాంకుకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ ఏడే మన కృష్ణా జిల్లాలో వసూళ్ల వేధింపుల మీద గగ్గోలు లేచి, అధికారులు సూక్ష్మ రుణ సంస్థల శాఖలు మూయించారు. అక్కడ హారతి, ఇక్కడ తాళం. ప్రయోగం ఫలితం ఇద్దరినీ నిరాశపరిచింది. అప్పు దొరికిన బస్తీల్లో అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు పెట్టుబడి పెంచారు. కొందరు మన్నికైన వస్తువులు కొనుక్కుని, టీ, పొగాకు లాంటి ఖర్చులు తగ్గించుకున్నారు. మొత్తం ఇంటి ఖర్చులో, పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అద్భుతమూ లేదు, సర్వనాశనమూ లేదు. 2015లో అచ్చయిన ఆ వ్యాసం శీర్షికలోని "అద్భుతం" అన్న మాట పక్కన ప్రశ్నార్థకం పెట్టారు.

దీనికి రెండో అధ్యాయం ఉంది, నాకు అదే ముఖ్యం. 2010 అక్టోబరులో, ఆత్మహత్యల వార్తల మధ్య, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మ రుణ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. రాష్ట్రంలో వాయిదాలు కట్టడం దాదాపు ఆగిపోయింది. ఇక్కడ డబ్బు ఇరుక్కున్న సంస్థలు ఇతర రాష్ట్రాల్లో కూడా అప్పులు ఇవ్వలేకపోయాయి. అక్కడి జనం ఏ పాపమూ ఎరగరు. వాయిదాలు సరిగ్గానే కడుతున్నారు. ఎమిలీ బ్రెజా, సింథియా కినన్ ఆ జిల్లాలను పరిశీలించారు. 2021లో వచ్చిన ఫలితం ఇది: అప్పు ఒక్కసారిగా ఆగిన జిల్లాల్లో రోజు కూలి పడిపోయింది, ఇంటి ఖర్చు పడిపోయింది. అప్పు తీసుకోని కూలివాడికీ ఆ దెబ్బ తగిలింది. హైదరాబాదు ప్రయోగం రాసినవాళ్లలో కినన్ కూడా ఒకరు.

మొదటి అధ్యయనం పెద్దగా ఏమీ మారదంది, రెండోది మారుతుందంది. ఏది అబద్ధం? రెండూ కాదు. హైదరాబాదులో ఈ బస్తీ వాళ్లూ పక్క బస్తీ వాళ్లూ ఒకే నగరంలో కూలికి వెళతారు. కూలి రేటు పెరిగినా తగ్గినా ఇద్దరికీ ఒకటే, కాబట్టి తేడా తీస్తే సున్నా వస్తుంది. కూలి రేటు అనే "ఇతర పరిస్థితి"ని ప్రయోగం తనకు తెలియకుండానే స్థిరంగా ఉంచేసింది. జిల్లా అంతా అప్పు ఆగినప్పుడు స్థిరంగా ఉండనిది అదే. చీటీ వేసి కొలవడం ఎంత నిజాయితీగల పద్ధతైనా, ఏ ప్రశ్నకు జవాబో చెప్పకుండా జవాబును పట్టుకు తిరగకూడదని ఆంగస్ డీటన్, నాన్సీ కార్ట్‌రైట్ 2018లో హెచ్చరించింది ఇందుకే. సూక్ష్మ రుణాల మీద నా అభిప్రాయాన్ని ఈ రెండు వ్యాసాలూ రెండుసార్లు మార్చాయి. వారం వారం గుమ్మం ముందు నిలబడ్డ వసూలు మనిషిని చూసినవాళ్ల అభిప్రాయాన్ని ఏ వ్యాసమూ మార్చదు. మార్చాలని కూడా నేను అనుకోను.

లెక్కలోకి ఏది వస్తుందన్నది మరో తగువు. గుంటూరు శీతల గిడ్డంగుల దగ్గర ఆడవాళ్లు కూలికి కూర్చుని మిర్చి తొడిమలు తీస్తారు. అది జాతీయాదాయంలోకి వస్తుంది. అదే మనిషి ఇంటికి వెళ్లి వంట చేస్తే రాదు. వంటమనిషిని పెళ్లాడితే జాతీయాదాయం తగ్గుతుందని ఆర్థర్ పిగూ ఎప్పుడో చమత్కరించాడు. మన 2019 కాల వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, అదే పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. జాతీయాదాయం లెక్కలకు పునాది వేసిన సైమన్ కుజ్‌నెట్స్ 1934లోనే చెప్పాడు, ఈ అంకెను బట్టి దేశ సంక్షేమాన్ని అంచనా కట్టలేమని. అదీ రాలిపోయిన షరతే.

2008 ఆర్థిక సంక్షోభం గురించి ఎక్కువ చెప్పను, అందరూ చెప్పిందే. ఆ నవంబరులో అప్పటి బ్రిటన్ రాణి లండన్‌లో ఆర్థికవేత్తలను అడిగింది, ఇంత పెద్ద సంక్షోభాన్ని ఎవరూ ఎందుకు గమనించలేదని. మరుసటి ఏడు వాళ్లు ఉత్తరం రాసి, చాలామంది తెలివైనవాళ్ల ఊహాశక్తి కలిసికట్టుగా విఫలమైందని ఒప్పుకున్నారు. 2011లో హార్వర్డ్ విద్యార్థులు కొందరు తొలి ఏడాది అర్థశాస్త్రం తరగతి నుంచి లేచిపోయారు. 2013లో మసాచుసెట్స్ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ మరో గుట్టు విప్పాడు. ప్రభుత్వ అప్పు జాతీయాదాయంలో 90 శాతం దాటితే వృద్ధి పడిపోతుందని చెప్పిన 2010 నాటి వ్యాసంలో, కంప్యూటర్ పట్టికలో కొన్ని దేశాల వరుసలు లెక్కలోకే రాలేదు. సరిచేసి, వదిలేసిన గణాంకాలనూ కలిపితే, సున్నాకు కాస్త కిందనున్న వృద్ధి 2.2 శాతమైంది. ఈలోగా ఆ 90 శాతాన్ని చూపించి యూరప్ దేశాల్లో పొదుపు చర్యలను సమర్థించిన మంత్రులున్నారు. ఆ తప్పును పట్టుకున్నది కూడా అర్థశాస్త్ర విద్యార్థే, ఇంటిపాఠంలో భాగంగా. తన తప్పును ఇంటి లోపలే పట్టుకోగల శాస్త్రాన్ని బూటకం అనడానికి నాకు నోరు రాదు.

నోబెల్ అని మనం పిలిచేది కూడా నోబెల్ వీలునామాలో లేదు. స్వీడన్ కేంద్ర బ్యాంకు 1968లో ఏర్పాటు చేసి, 1969 నుంచి ఇస్తోంది. 1974లో అది అందుకున్న హాయెక్, ఈ బహుమతి పెట్టాలా అని తనను ముందే అడిగి ఉంటే వద్దనేవాణ్నని విందు సభలోనే చెప్పాడు. అర్థశాస్త్రంలో ఇంత అధికారం ఏ ఒక్క మనిషికీ తగదన్నాడు. 2013లో మార్కెట్ ధరలు అందుబాటులోని సమాచారాన్నంతా ఇముడ్చుకుంటాయన్న ఫామాకూ, మార్కెట్లు పిచ్చిగా ఊగుతాయన్న షిల్లర్‌కూ కలిపి ఇచ్చారు. దీన్ని జోకుగా చెబుతారు. నాకు జోకుగా అనిపించదు. ఇద్దరూ వేర్వేరు కాలవ్యవధుల గురించి, వేర్వేరు పరిస్థితులను స్థిరంగా ఉంచి మాట్లాడారు. అది చెప్పకుండా ఎవరి మాటనో ఒకదాన్ని టీవీ చర్చలో నిలబెట్టేవాళ్లే ప్రమాదం.

మామయ్య ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. యార్డులో ధర కూలితే కొట్లో కారం పొట్లం ధర ఎందుకు కూలదు? ఇప్పుడు జవాబులో కొంత చెప్పగలను. పొట్లం ధరలో మిర్చి ఒక భాగమే. మర, సంచి, రవాణా, ప్రకటన, దుకాణదారు మిగులు మారవు. గిడ్డంగిలో ఉన్న నిల్వ పాత ధరకు కొన్నది కావచ్చు. పొట్లం మీద బ్రాండు చూసి కొనేవాళ్లకు యార్డు ధరతో పనిలేదు, కంపెనీకి తగ్గించాల్సిన తొందరా లేదు. ముడిసరుకు పెరిగితే చిల్లర ధర రాకెట్‌లా లేస్తుందనీ, తగ్గితే ఈకలా దిగుతుందనీ ఆర్థికవేత్తలే చాలా సరుకుల్లో చూపించారు. ఎందుకన్న దాని మీద వాళ్లలో వాళ్లకు ఇంకా కుదరలేదు. ఒకరు పోటీ లేకపోవడం అంటారు, ఇంకొకరు కొనేవాడు వెతకకపోవడం అంటారు.

మొన్న జులైలో, నారు పోసే ముందు, మామయ్య ఫోను చేశాడు. వచ్చే ఏడు రేటు ఎలా ఉంటుందని అడిగాడు. కిందటేడు జనం తక్కువ వేశారు, గిడ్డంగుల్లో నిల్వ ఇంత ఉందంటున్నారు, కాబట్టి ఇతర పరిస్థితులు అని అనబోయి ఆగాను. ఈసారి కౌలు ఎంతకు కుదిరింది, కిందటి అప్పు ఎవరి దగ్గర ఎంత మిగిలింది, కోతలకు మనుషులు ఎక్కడి నుంచి వస్తున్నారు అని అడిగాను.

"అవన్నీ ఫోనులో చెప్పేవి కావు అల్లుడూ, ఆదివారం ఇంటికి రా" అన్నాడు.